మూడో మిక్సు

"వెళ్లేముందు కొత్తమ్మాయికి ఒక్క మాట చెప్పి వెళ్తానమ్మా," అన్నాడు సౌండాయన.

"ఆ అమ్మాయి చదువుకునే వచ్చింది. మీ చాదస్తం అంటించకండి," అంది గాయని.

ఆయన వైర్లు చుట్టిపెట్టి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆయనతో వేగలేక గాయనే రేపటినుంచి రావద్దని చెప్పేసింది. ప్రతి కచేరీకీ గొంతూ వాద్యాలూ పాళ్లు కుదిర్చి మూడు మిక్సులు కట్టేవాడు. హాల్లో వాళ్లకొకటి, లైవ్‌లో చూసేవాళ్లకొకటి, ఆమె చెవుల్లోని ఇయర్‌ఫోన్లకొకటి. మొదటి రెండూ పావుగంటలో తేలేవి. మూడోదానికి గంట తినేవాడు. "ఇంకొక్కసారి పాడండమ్మా" అంటూ ప్రాణం తోడేసేవాడు.

గాయనికి రెండేళ్లుగా ఎడమ చెవి వినపడదు. సొంత అక్కక్కూడా చెప్పలేదు. తెలిస్తే పాటకు పిలిచేవాళ్లుండరని భయం. ఎవరు ఎటునుంచి పలకరిస్తారోనని నలుగురిలోకి వెళ్లడమే మానేసింది. ఒంటి చెవితో శ్రుతి తప్పకుండా నెట్టుకొస్తున్నానన్న గర్వమొక్కటే ఆమెకు తోడు.

మర్నాడు కొత్తమ్మాయి, గాయనిని ఒక్కసారీ పాడమనకుండా, అరగంటలో మూడూ ముగించింది.

లైవ్ మొదలైంది. గాయనికి తన గొంతు తప్ప ఏమీ వినిపించలేదు.

శ్రుతినిచ్చే కీబోర్డు ఏదని సైగ చేసింది. అంతా బాగుందని అమ్మాయి బొటనవేలు చూపించింది.

రెండో చరణంలో శ్రుతి తప్పింది. నాలుగువేలమంది విన్నారు. గాయని విరామం ప్రకటించి, మిక్సరు దగ్గరికి వచ్చింది.

"నాకు కీబోర్డు ఇవ్వలేదేం?"

"ఇచ్చాను మేడమ్. కుడి చెవిలో మీ గొంతు, ఎడమ చెవిలో కీబోర్డు. విడివిడిగా వినిపిస్తే హాయిగా ఉంటుందని."

గాయని చెయ్యి ఎడమ చెవి మీదికి వెళ్లింది.

"పాతాయన సెట్టింగు ఇందులోనే ఉంది. పెట్టమంటారా?"

"పెట్టు."

కీబోర్డు నిండుగా వినిపించింది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

అమ్మాయి తెర మీదికి వంగింది. "ఇదేం విడ్డూరం మేడమ్! మీ మిక్సులో ఎడమ పక్క పూర్తిగా ఆపేసి, అన్నీ కుడికే పంపాడు. రెండేళ్లుగా దాచిన సెట్టింగులన్నీ ఇంతే. మీరే చెప్పారా?"

గాయని ఫోన్ తీసి ఆయనకు చేసింది. ఫోన్ స్విచాఫ్ అని వచ్చింది. మళ్లీ చేసింది. అదే మాట.

"మీరే చెప్పారా మేడమ్?" అమ్మాయి మళ్లీ అడిగింది.

"నేను చెప్పలేదు," అంది గాయని, కళ్లు తుడుచుకుంటూ. "ఆయనా ఎవరికీ చెప్పలేదు."