గోధుమల గూడ్సు

“చేత్తో ఎత్తి పెట్టావు. ఒప్పుకో,” అన్నాడు మందుల షాపాయన.

“నా కత్తెర మీద ఒట్టు. ఒక్క వ్యాగను మీద కూడా వేలు వెయ్యలేదు,” అన్నాడు దర్జీ.

ఆదివారం పొద్దున్న. మేడ మీద గదిలో గోడల వెంబడి చెక్కబల్ల. దాని మీద బెత్తెడేసి వ్యాగన్లు, అయిదు స్టేషన్లు, ఒక పిండిమిల్లు, ఒక సిమెంటు ఫ్యాక్టరీ. మిత్రులిద్దరూ పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం అక్కడ గూడ్సు బండ్లు నడుపుతున్నారు. షాపాయన డ్రైవరు. ఏ బండి ఎప్పుడు కదలాలో చెప్పే కంట్రోలు దర్జీ. వాటిని బొమ్మ రైళ్లంటే షాపాయనకి ఒళ్లు మండుతుంది. ఊరికే గిరగిరా తిప్పితే బొమ్మలు. ప్రతి వ్యాగనుకీ ఒక చీటీ ఉండి, అందులో సరుకేమిటో, ఎక్కడి నుంచి ఎక్కడికో రాసి ఉంటే అది రైల్వే. ఇంజను లాగితేనో తోస్తేనో తప్ప వ్యాగను కదలకూడదు. చేత్తో ముట్టుకోవడం మహాపాపం.

ఆ పాపం ఎవరో చేశారు. పోయిన ఆదివారం మిల్లు పక్కపట్టాల మీద మూడు గోధుమల వ్యాగన్లు ఖాళీ వ్యాగన్ల వెనక ఇరుక్కుపోయాయి. వచ్చే వారం విడదీద్దామని అలాగే వదిలేసి దిగిపోయారు. ఇవాళ చూస్తే ఖాళీలు యార్డులో బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నాయి. గోధుమలు మిల్లు గుమ్మంలో ఉన్నాయి. చీటీల మీద టిక్కులు కూడా పడ్డాయి, టైముతో సహా. బుధవారం, మూడూ ఇరవై.

“ఈ గదికి తాళంచెవులు రెండే. ఒకటి నా జేబులో ఉంది, రెండోది నీ దగ్గర. మూడోవాడు ఆకాశంలోంచి ఊడిపడ్డాడా?”

“నన్ను దొంగని చెయ్యకు.”

“దొంగ పట్టుకుపోతాడు. నువ్వు సర్దిపెట్టి పోయావు. అదే నా బాధ! పద్ధతిగా విడదీస్తే గంటన్నర పని. చేత్తో అయితే చిటికెలో అయిపోతుంది. తాళంచెవి ఇటివ్వు.”

“ఇంట్లో ఉంది.”

“ఇంట్లోనే ఉందో, ఏ కాలవలో పారేశావో!”

దర్జీ తన నల్ల ఇంజను ఒక్కదాన్నీ తీసి, జేబురుమాల్లో చుట్టుకున్నాడు.

“కంట్రోలూ నువ్వే, డ్రైవరూ నువ్వే, గార్డూ నువ్వే. ఇక పోట్లాడుకోడానికి కూడా నువ్వే దొరుకుతావు,” అని మెట్లు దిగాడు.

కింద బట్టలు మడత పెడుతున్న షాపాయన అత్తగారు తలెత్తింది.

“ఏం నాయనా, భోంచెయ్యకుండా వెళ్తున్నావు?”

“కడుపు నిండింది పిన్నిగారూ.”

వెనకాలే దిగిన అల్లుడి వంక ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. “బొమ్మల కోసం బంగారంలాంటి మనిషిని పోగొట్టుకుంటున్నారు అల్లుడుగారూ.”

“బొమ్మలు కావండీ అవి!” అని అరిచాడాయన.

ఆ మధ్యాహ్నం పంతానికి ఒక్కడే బండ్లు నడిపాడు. సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర వ్యాగన్లు చిక్కుపడ్డ దారంలా తయారయ్యాయి. విసుగొచ్చి వదిలేశాడు. సోమవారం దర్జీ మందుల షాపు మెట్టెక్కలేదు. మంగళవారం తలనొప్పి అన్నవాడికి షాపాయన దగ్గుమందిచ్చి పంపాడు.

బుధవారం మూడింటికల్లా షాపు మూసేశాడు. పిల్లిలా పెరటి మెట్లెక్కి, గదిలో దూరి, లోపల తాళం వేసుకుని, కిటికీ తెర వెనక నక్కాడు. ఫ్యాను వేస్తే దొరికిపోతాడు. చెమట చెవుల వెంట కారుతోంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక్కో మెట్టుకీ ఆగి ఆగి వస్తున్నాయి. దర్జీ మోకాళ్ల సంగతి తెలిసిందే. తాళం తిరిగింది. “దొరికావు!” అన్న మాట నాలుక చివరికొచ్చి అక్కడే ఆగిపోయింది.

వచ్చింది అత్తగారు.

ఆవిడ దర్జీ దగ్గరుండాల్సిన రెండో తాళంచెవిని కొంగున ముడేసుకుని, కళ్లజోడు తుడిచి పెట్టుకుంది. చీటీలన్నీ తిరగేసి చదివింది. స్విచ్చి వేసి, ఇంజనుకి నడక నేర్పుతున్నట్టు మెల్లగా కదిలించింది. సిమెంటు ఫ్యాక్టరీలో చిక్కు విప్పడం మొదలుపెట్టింది. రెండు వ్యాగన్లు లాగి, ఒకటి వదిలి, మళ్లీ వెనక్కి తోసింది. కొక్కేలు సన్నటి పుల్లతో విడదీసింది. చెయ్యి ఒక్కసారీ తగల్లేదు. ఒకచోట వ్యాగను మొరాయించింది. తెర వెనక షాపాయన ఊపిరి బిగబట్టాడు. చేత్తో నెట్టేస్తుందనుకున్నాడు. ఆవిడ ఇంజనుని జానెడు దూరం వెనక్కి తెచ్చి, మళ్లీ సున్నితంగా తోసింది. అది దారికొచ్చింది. ఆయన కదలికలు లెక్కపెడుతూనే ఉన్నాడు. తను పంతొమ్మిదింటికీ తేల్చలేనిది ఆవిడ పదకొండింటిలో తేల్చేసింది.

‘భేష్’ అనబోయి పెదవి కొరుక్కున్నాడు. రుమాల్లో ఇంజను చుట్టుకుంటున్న దర్జీ మొహం గుర్తొచ్చింది. ఈవిడ దిగిపోగానే ముందు వాడి కొట్టుకి పరిగెత్తాలి. కాళ్లు పట్టుకోవాలి.

ఆవిడ దిగలేదు. ఫోను తీసి నంబరు నొక్కింది. వినికిడి తక్కువ కాబట్టి గదంతా వినబడేలా పెట్టుకుంది.

“కంట్రోలా? సిమెంటు ఫ్యాక్టరీ నుంచి మాట్లాడుతున్నా. పన్నెండు వ్యాగన్ల గూడ్సు సిద్ధం. లైనంతా ఖాళీ. కిటికీ తెర కింద మాత్రం రెండు కాళ్లు కనిపిస్తున్నాయి.”

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

“వాటిని అక్కడే ఆపండి పిన్నిగారూ,” అన్నాడు దర్జీ. “గూడ్సు దాటాకే ఆ కాళ్లకి లైన్ క్లియర్.”