క్లోమం వెనక ధమని

మా ఇంట్లో అందరూ నన్ను మెత్తటి మనిషిననుకుంటారు. పందిని కోస్తుంటే నేను మొహం తిప్పుకోవడం ఒక్కటే వాళ్లు చూశారు. తోంగా నుంచి వెళ్లి ఫిజీలో డాక్టరీ చదువుతున్నాను కదా, మా మేనత్త లేసిఎలి కడుపులో ఉన్నది మామూలు పుండేనని ఆమెను నమ్మించే పని నాకే అప్పగించారు.

శనివారం విందుకు పందిని కోశారు. పేగులు కడుగుతూ నేను కూర్చుంటే, తను పెంచుకుంటున్న వికాను ఒళ్లో పెట్టుకుని అత్త ఎదురుగా చేరింది.

"డాక్టరమ్మా, నా పుండు ఇందులో ఎక్కడుందో చూపించవే," అంది నవ్వుతూ.

పేగుల మధ్య పాలిపోయినట్టున్న క్లోమాన్ని వేలితో పైకెత్తాను. "ఇక్కడ. పుండు కాదత్తా, కణితి. క్లోమం వెనక నుంచి దిగే ఈ ధమనే పేగులకు రక్తం పోస్తుంది. కణితి దాన్ని చుట్టేసింది. తీయబోతే ధమని తెగి పేగులు నల్లబడి చచ్చిపోతాయి. అందుకే డాక్టర్లు ఆపరేషన్ చేయలేమంటున్నారు."

అత్త చెయ్యి వికా తల మీదే ఆగిపోయింది. "ఎన్నాళ్లు?"

"మూడు నెలలు."

"హాయిగా ఉన్నానే. ఎందుకు చెప్పావు?"

"నా పాలింకా ఆరకముందే బిడ్డను ఎత్తుకెళ్తూ, అలవాటైపోతుందిలే అన్నావు. నీకూ అవుతుంది."

"అక్కా, ఈ నీళ్లు మార్చనా?" అంది వికా. నేను కన్న పిల్ల నన్నలాగే పిలుస్తుంది. మా తోంగాలో మేనత్త కన్నపిల్లను అడిగినా కాదనకూడదు.

అత్త పోయేదాకా ఆగమంది అమ్మ. ఆగను. సోమవారం విమానంలో వికా నాతో ఫిజీ వస్తుంది.