అత్తగారి కుర్చీ పక్కన చెట్టు

ఆ ఊళ్ళో క్రిస్మస్ సందడి మొదలయ్యే సెప్టెంబరు మొదటి రోజునే, వీధిలో అందరికంటే ముందు, రోసెందా మెట్ల కింది పెట్టెను బయటికి లాగింది.

ముక్కుకీ నోటికీ మాస్కు. చేతులకు రబ్బరు తొడుగులు. పొద్దున్నే అలర్జీ మాత్ర కూడా వేసుకుంది. డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టును ఆరుబయట కడిగి ఎండబెట్టాలి. బూజు పట్టిన తోరణాలు పారేయాలి. పడకగదిలోకి ఏదీ రానివ్వకూడదు. వీటిలో చివరిదొక్కటే పాటించింది. తన పడకగదిలో నక్షత్రం ముక్క కూడా లేదు.

చెట్టును మాత్రం కడగలేదు. మరికినా నది పొంగిన ఏడు తడిసి, పెట్టెలోనే ఆరిన చెట్టు అది. కొమ్మ విప్పితే చాలు, బూడిదరంగు దుమ్ము రాలుతుంది. దాన్ని తీసుకెళ్ళి సరిగ్గా అత్తగారి కుర్చీ పక్కన నిలబెట్టింది.

"మీకు బాగా కనిపిస్తుందని ఇక్కడ పెట్టాను, నానాయ్." అమ్మా అన్న పిలుపది.

అత్తగారు కొంకోర్దియా మొహం పక్కకు తిప్పుకుని తుమ్మింది. "జలుబులే" అంది.

ఆ తుమ్ము రోసెందా లోపల ఎక్కడో చల్లగా దిగింది.

పెళ్ళయిన కొత్తలో ఇదే చెట్టు దగ్గర కళ్ళు వాచి, ఊపిరాడక, తీసేయమని ఆమె బతిమాలింది. అప్పుడు ఇంటి పెత్తనం అత్తగారిది. చుట్టాలందరి ముందూ కొంకోర్దియా నవ్వింది.

"పుట్టింట్లో చెట్టు మొహం చూసి ఉంటేగా! అలవాటు లేని ముక్కు, తల్లీ. మెల్లగా అదే దారికొస్తుంది."

అందరూ నవ్వారు. ఓడ ఉద్యోగం నుంచి సెలవు మీద వచ్చిన భర్త ఇసగానీ కూడా నవ్వాడు. జనవరిలో బాలయేసు పండగ దాటిపోయినా చెట్టు కదల్లేదు. రోసెందా మర్చిపోలేదు. మర్చిపోలేదన్న సంగతి ఎవరి కంటా పడనివ్వలేదు. ఆ ఇంట్లో పూర్తిగా తనదైన వస్తువు అదొక్కటే అన్నట్టు దాచుకుంది.

మోకాళ్ళు పట్టేసి అత్తగారు కుర్చీకి అంకితమయ్యాక పెత్తనం రోసెందా చేతికి వచ్చింది. ఇక ఈ ఇంట్లో చెట్టు ఉండదని చెప్పి పెట్టెకు తాళం వేసింది. కొంకోర్దియా ఒక్క మాట అనలేదు. ఆ మౌనం చూస్తే రోసెందాకు గెలిచినట్టే లేదు. చెయ్యెత్తి కొట్టబోతే ఎదురుగా మనిషి లేనట్టుంది.

తర్వాతి పండగ రోజుల్లో, పక్కింటి పేర్పెతువా ఇచ్చిన పాత నక్షత్రదీపం పక్కన అత్తగారు గుట్టుగా తుమ్ముతూ కనిపించింది. కళ్ళు నులుముకుంటోంది. కోడల్ని చూసి, కంగారుగా దీపాన్ని అవతలికి నెట్టింది.

"ఏమీ లేదమ్మా. కాస్త జలుబు."

ముసలితనంలో కొత్తగా అలర్జీలు పుట్టుకొస్తాయని రోసెందా ఎక్కడో విన్నది. ఆ సాయంత్రమే తాళం తీసింది.

అప్పటి నుంచి ఏటేటా చెట్టు ఇంకా ముందే లేస్తోంది, ఇంకా ఆలస్యంగా దిగుతోంది. అత్తగారు ఒక్కసారి తన నోటితో 'తీసెయ్యి' అని బతిమాలాలి. రోసెందాకు అది చాలు. ఆ మాట మాత్రం ముసలామె అనదు. తుమ్ముతుంది, జలుబంటుంది, ఊరుకుంటుంది. రాత్రుళ్ళు తన ఛాతీలో పిల్లికూతలు వింటూ, అత్తగారు మొండిఘటం అనుకునేది రోసెందా, దాదాపు గౌరవంగా.

ఈ డిసెంబరులో మాత్రలు పనిచేయడం మానేశాయి. ఒక మధ్యాహ్నం బజారులో ఊపిరందక కూలబడితే ఎవరో క్లినిక్కుకు చేర్చారు. మందు ఆవిరి పట్టించాక డాక్టరమ్మ కసిరింది.

"చెట్టు తీసెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి? మళ్ళీ ఇలా అయితే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఇంకెవరికైనా పడదా?"

"మా అత్తగారికి."

"కనీసం ఆవిడ కోసమైనా తీసెయ్."

ఆవిడ కోసమే ఉంచానని చెప్పబోయి ఆగింది.

ఇంటికి నడుస్తూ ఆలోచించింది. తీసేస్తే తన ఊపిరి తనకు దక్కుతుంది. కానీ ఇన్నేళ్ళు ఎదురుచూసిన ఆ మాట దక్కదు. ముసలామె ఊపిరి తనకంటే ముందే లొంగి తీరాలి. ఇంకొన్నాళ్ళు ఓర్చుకుందామనుకుంది.

గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపలి నుంచి వేడి బియ్యప్పిండి బిబింకా వాసన, మాటలు. నేస్తాన్ని మారే అని పిలుస్తూ పేర్పెతువా తెగ జాలిపడిపోతోంది. అంత పడని చెట్టు పక్కన ఎలా కూర్చుంటున్నావు మారే, నోరు విడిచి కోడలికి చెప్పకూడదా అంటోంది.

కొంకోర్దియా తాపీగా నమిలి మింగింది.

"నాకు పడకపోవడం ఏమిటి మారే, నేను దొంగ తుమ్ములు తుమ్మినన్నాళ్ళే గదా, చెట్టే వద్దన్న ఆ మహాతల్లి తన ఊపిరి ఆగిపోతున్నా సరే ఏటా తన చేత్తోనే నాకు చెట్టు నిలబెడుతుంది."