సేఠ్‌కు సుస్తీ

జమున సేఠ్‌ను చంపాలని చూస్తోందని ఆ పొద్దున రాజనర్సుకు ఖాయమైపోయింది.

సేఠ్ అంటే కార్ఖానా యజమాని కాదు, ఊసరవెల్లి. లాక్‌డౌన్ పెట్టిన రోజు, ఆపేసిన మరమగ్గం మీద దర్జాగా కూర్చుని దొరికింది. పని ఉన్నప్పుడు ఒక రంగు, లేనప్పుడు ఇంకో రంగు చూపించే యజమాని గుర్తొచ్చి రాజనర్సు దానికా పేరు పెట్టాడు. గోడాదరా బస్తీలోని తన ఒంటిగది ఇంటికి తెచ్చి, కిటికీకి జామకొమ్మ కట్టి కూర్చోబెట్టాడు.

"ఇది ఇంట్ల ఉంటె నేనుండ" అని అతని భార్య జమున మొదటి రోజే అంది. ఆ మాట అతను మరిచిపోలేదు.

ఛాతీలో నూలుపొట్టు చేరి పనికి పోలేని రాజనర్సుకు పగలంతా సేఠే తోడు. దాని ఒక కన్ను తలుపు వైపు తిరిగిందంటే జమున వచ్చినట్టు లెక్క. అలాంటి సేఠ్‌కు సుస్తీ చేసింది. కళ్లు గుంటలు పడ్డాయి. బూడిదరంగుకు మారిన ఒళ్లు మళ్లీ పచ్చబడలేదు. చంపి పెట్టిన ఈగలను ముట్టదు. గిన్నెలో నీళ్లు పోసినవి పోసినట్టే ఉంటున్నాయి. అది పోతే ఇక ఆ ఇంట్లో అతని ముఖం చూసే ప్రాణి లేదు.

ఎందుకంటే మాయదారి కరోనా వచ్చినప్పటి నుంచి జనం అతనితో మాట్లాడటం మానేశారు. అన్నీ గుసగుసలే. రేషను దుకాణంలో గుసగుస. సందులో గుసగుస. అడాజన్‌లో మూడిళ్లకు వంట చేసి వచ్చే జమున, మొగుడి ఛాతీకి భయపడి ఇంట్లోనూ మాస్కు తీయదు. ఆ గుడ్డ వెనక ఏదో గొణుగుతుంది.

గొణిగేది ఎవరి దగ్గర? కార్ఖానాలో ముప్పై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే, నెత్తిన పిడుగు పడ్డా తెలియని ఆ హోరులో, అటు చివరి మగ్గం నడిపే సోమలింగం తిట్టిన తిట్టును ఇటు చివర పట్టుకుని, దానికి ఇంకో రెండు జోడించి తిప్పి పంపినవాడు రాజనర్సు. పాము చెవులని పేరు. అలాంటివాడికే వినబడకుండా మాట్లాడుతున్నారంటే ఎంత పెద్ద సంగతి దాస్తున్నట్టు!

జమున వంట చేసే ఇంటావిడ ఒక పశువుల డాక్టరు పేరు చెప్పింది. సేఠ్‌ను చెప్పుల డబ్బాలో పెట్టుకుని ఇద్దరూ వెళ్లారు. వరండా నిండా కుక్కలు. డాక్టరు మూతికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తెర. సేఠ్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. జమున వైపు తిరిగి పావుగంట గొణిగాడు. ఆమె తలాడించింది. మందంటూ ఒక్కటీ రాయలేదు.

మర్నాటి నుంచి మొదలైంది. నీళ్ల గిన్నె మాయం. ఈగలు చెత్తబుట్టలోకి. కొమ్మ ఎండలోకి.

దాపరికం లేనివాడు పక్కింటి బ్రహ్మచారి ఒక్కడే. మాస్కును గడ్డానికి వేలాడేసుకుని గడప అవతల నిలబడి మనిషిలా మాట్లాడతాడు.

"అన్నా, నువ్వు లేవకముందు వదినె ఆ ఆకులకేందో కొడుతున్నది. శానిటైజర్ సీసా. నా కండ్లతోని చూసిన."

"శానిటైజరా!"

"మరేంది? చేతికి రాసుకుంటెనే సుర్రుమంటది. జర చూసుకో."

అందుకే ఆ పొద్దున రాజనర్సు దొంగనిద్ర పోయాడు. సేఠ్ లాగే ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి. జమున లేచింది. సీసా తీసింది. ఆకుల మీద సుయ్యిమని కొట్టింది. ఒక్క దూకున వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం కొడుతున్నవే దానికి?"

మాస్కు కదిలింది.

"మళ్ల గదే గొణుగుడు! నోట్లె ముద్ద పెట్టుకున్నవా? సక్కగ చెప్పు!"

జమున మాస్కు కిందికి గుంజింది.

"నీళ్లయ్యా, నీళ్లు! సీసా ఖాళీ అయితె నీళ్లు నింపిన. అది గిన్నెల తాగదట, ఆకు మీద చుక్క మెరిస్తెనే నాకుతదట. సచ్చిన ఈగలు తినదట, కదిలే మిడుతలే గావాల్నట. పొద్దటి ఎండ తగలాల్నట. డాక్టరు సాబు నీ పక్కనుండంగనే చెప్పిండు గదా!"

"నాకెప్పుడు చెప్పిండు? నీకే గుసగుస పెట్టిండు."

"గుసగుసనా? అన్ని కుక్కలు మొరుగుతుంటె గొంతు చించుకున్నడు గదయ్యా! దానికి చెవులే లేవు, కండ్లతోనే బతుకుతదని గూడ..."

జమున ఆగిపోయింది.

కొమ్మ మీద సేఠ్ ఒక చుక్కను నాకింది. తర్వాత ఇంకొకటి. రాజనర్సు కోపమంతా మరిచి దాన్నే చూస్తూ మురిసిపోయాడు. జమున మాత్రం అతన్నే చూస్తోంది. మాస్కు పైకి లాక్కుని ఏదో అంది. అతను పలకలేదు. భుజం తట్టి మళ్లీ అంది.

"మళ్ల మొదలువెట్టినవా?" అని విసుక్కున్నాడు.

ఆమె మెల్లగా మాస్కు దించి, గొంతులోంచి పిసరంత చప్పుడైనా రానీయకుండా ఉత్త పెదాలు ఆడిస్తూ "చాయ్ తాగుతవా?" అంటే, "జర అల్లం ఎక్కువెయ్యి" అన్నాడు రాజనర్సు.