కుడి భుజం

ఊళ్లో గొడవలు మొదలైనప్పటి నుంచి అందరి చెవుల్లోనూ మాటలు వడగట్టే చెవిబిళ్ళలే. అవతలి పక్షంవాళ్ళు నోరు తెరిస్తే ఆ బిళ్ళలో ఈగల మోత మాత్రమే వినిపిస్తుంది. నా భార్య పోయాక ఎవరి మాట వినిపించినా చాలనిపించి, నేను నాది తీసేశాను.

ఆ ఉదయం పాల ప్యాకెట్ కోసం వెళ్తే, మా పక్షంవాళ్ళు అవతలి పక్షం దర్జీ కోటయ్యను షాపులోంచి ఈడ్చి ఇనప రాడ్లతో కొడుతున్నారు. అతని పళ్ళు మెట్ల మీద రాలి ఉన్నాయి. అందరికీ ముందున్నది మా వీధి దుర్గారావు.

"దుర్గబాబూ, నీ పెళ్ళికోటు కుట్టింది నేనేనయ్యా," అంటున్నాడు కోటయ్య.

"ఈగ ఇంకా మోగుతోందిరా," అని నవ్వి, దుర్గారావు అతని మోకాలి మీద కొట్టాడు.

నా మాటైతే వాళ్ళకు వినిపిస్తుంది. అందుకని కోటయ్య చెప్పేదే నేను పైకి చెప్పాను.

"నీ పెళ్ళికోటు ఆయనే కుట్టాడట, దుర్గా. నీ కుడి భుజం కాస్త జారి ఉంటుందని అటువైపు ప్యాడ్ మందంగా వేశాడట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదట."

దుర్గారావు ఎడమ చెయ్యి కుడి భుజం మీదికి వెళ్ళింది.

"వదిలెయ్యమంటున్నాడు," అన్నాను. ఈసారి అతను మొహం చిట్లించాడు. అవతలివాడి మాటలు పలికినందుకు చెవిబిళ్ళ నన్నూ అటే చేర్చేసింది; ఇక నా మాటా అతనికి ఈగల మోతే.

మొదటి దెబ్బకే నా మణికట్టు విరిగింది. కోటయ్యకు అడ్డంగా పడి, రెండో చేత్తో నా ఖాళీ చెవి చూపించాను.

దుర్గారావు చెయ్యెత్తి మిగతావాళ్ళను ఆపాడు. చెవిబిళ్ళ పీకేశాడు.

"మళ్ళీ చెప్పండి మాస్టారూ."

"నన్ను కాదయ్యా, ఆయన్ని అడుగు."

దుర్గారావు వంగి చెవి ఒగ్గాడు. కోటయ్య నోట్లోంచి నెత్తురు తప్ప మాట రాలేదు.