తలుపు వెనక తుక్కు

రోజూ సాయంత్రం ఏడింటికి ప్రతి ఇంట్లోనూ ఊడ్చే యంత్రం మేలుకుంటుంది. తుక్కును బట్టి ఇంట్లో జబ్బెవరికో పసిగడుతుంది. వెంటనే బండి వస్తుంది. ఆ బండెక్కినవాళ్లెవరూ ఇంతవరకూ తిరిగి రాలేదు.

హైమవతి భర్త సుదర్శనం నెల్లాళ్లుగా దగ్గుతున్నాడు. అందుకే ఆమె జీతమిచ్చి, దొంగచాటుగా మనిషిని పెట్టుకుంది. కోటమ్మ రోజూ పొద్దు వాలకముందే వచ్చి ఊడ్చి, తుక్కు కొంగున కట్టుకుని పోయేది.

ఇవాళ వాన. హైమవతి దేవుడి దగ్గర దీపం పెట్టాక గానీ కోటమ్మ రాలేదు. గబగబా మంచం కింద కూడా ఊడ్చింది.

"ఏం మిగల్లేదు కదా కోటమ్మా?"

"నేలంతా అద్దంనాగుందమ్మా, సూసుకోండి," అని వెళ్లిపోయింది.

ఏడయింది. యంత్రం హాలు దాటింది, పడగ్గది దాటింది. హైమవతి ఊపిరి పీల్చుకుంది. అంతలో అది వంటింటి తలుపు వెనక ఆగింది. అక్కడ, చీపురు చాటున, చిన్న కుప్ప.

దీపాలు పెట్టాక తుక్కు గడప దాటిస్తే ఆ ఇంటి లక్ష్మి వెళ్లిపోతుంది. హైమవతి మేలు కోరి కోటమ్మ దాన్ని అక్కడే ఉంచింది.

హైమవతి పరుగెత్తేలోపే కుప్ప మాయమైంది.

"ధన్యవాదాలండీ," అంది యంత్రం మెత్తగా. "అయ్యగారి చెప్పులు గుమ్మం దగ్గర పెట్టండి."