ఆదివారం తర్జుమా

“అయ్యగారు గొర్రె తప్పిపోయిందన్నరు. నువ్వు హిందీల లెక్కల క్లాసు తప్పిపోయిందన్నవు. ఏందే ఇది?”

పనికి వలస వచ్చినవాళ్లుండే గోడాదరాలో రెండో అంతస్తు గది గుమ్మంలో నిలబడి రాజనర్సు నిలదీశాడు. జూమ్‌లో ప్రార్థన ముగిసి పది నిమిషాలైనా కాలేదు. మూతికి కట్టుకున్న రుమాలు గడ్డం కిందికి జారినా పట్టించుకోలేదు, అంత కోపంగా ఉన్నాడు. ఆ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ సహవాసానికి ఆయనే పెద్ద.

హిమశ్రీ చేతిలో ఉన్న ఫోనును గట్టిగా పట్టుకుంది. లాక్‌డౌన్‌లో ప్రార్థన ఫోనులోకి మారినప్పుడు సహవాసం వాళ్లంతా కలిసి కొన్న ఫోను అది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి సదానందం పాస్టరుగారు తెలుగులో కాసేపు చెప్పి ఆగుతారు. ఇరుగుపొరుగు బిహారు, ఒడిశా వాళ్ల కోసం హిమశ్రీ అదే హిందీలో చెప్పాలి. పాస్టరుగారికి హిందీ రాదని అందరికీ తెలుసు. ఆదివారం ఈ సేవ చేస్తున్నందుకు మిగిలిన వారమంతా ఫోను ఆమె దగ్గరే ఉంటుంది. బీఎస్సీ మొదటి ఏడాది పాఠాలన్నీ అందులోనే వింటోంది. ఆ ఫోను పోతే చదువు పోయినట్టే.

“గొర్రె సంగతే చెప్పిన కాకా. తర్వాత జర కలిపిన,” అంది చిన్నగా.

“జరనా! ఆయన మూడు ముక్కలు చెప్తె నువ్వు ముప్పై చెప్పినవు. ఎప్పుడు హిందీ షురువైనా నేను చాయకు లేస్త. ఇయ్యాల మా పక్కింటి బిహారీ భయ్యా ఏడుపు గోడ అవతలికి వినొస్తె, ఏందా అని విన్న. గొర్రె తప్పిపోతె మనిషి ఏడుస్తడా?”

లోపల చీరల అంచుల దారాలు కత్తిరిస్తున్న తల్లి మంగ కత్తెర పక్కన పెట్టి లేచింది. “అన్నా, పిల్ల తెలువక చేసింది, ఈసారికి ఊకో,” అని బతిమాలింది.

“తెలువక కాదమ్మా,” అంది హిమశ్రీ. ఈ పిల్లకు అబద్ధం ఆడటం చేతకాదు, అదొక రోగం. “కాపరి తొంభైతొమ్మిది గొర్లను ఇడిచి ఒక్కదాని కోసం పోయిండని అయ్యగారు చెప్పంగనే నాకు మా లెక్కల క్లాసు యాదికొచ్చింది. అరవై మందిమి ఉన్నం. నడుమల నా నెట్ అయిపోయి రెండు రోజులు మాయమైన. మళ్ల వచ్చినంక, ఏడికి పోయినవని ఒక్కలు అడగలే. నన్ను ఎవలన్న ఎతుకుతె ఎంత మంచిగుండునో అని చెప్పిన. ఆ భయ్యా బిడ్డ గూడ ఫోను లేక బడి మానేసిందట కాకా. అందుకే ఏడ్చిండేమో.”

రాజనర్సు ఒక్క క్షణం తగ్గాడు. అంతలోనే సర్దుకున్నాడు.

“మరి పోయిన వారం తోమా సంగతి? అందుల ఏం కలిపినవు?”

“ప్రభువు గాయాలు చూస్తెనే ఆయన తిరిగి లేచిండని నమ్ముత అన్నడు గద శిష్యుడు తోమా. మా కెమిస్ట్రీ మేడం గూడ కండ్లతోటి చూడనిది రికార్డుల రాయొద్దంటది. ప్రభువు తోమాను ఎల్లగొట్టలే, చెయ్యి చాపి చూపిచ్చిండు. ప్రశ్న అడిగినోళ్ల మీద దేవునికి కోపం రాదు అని చెప్పిన.”

“అది అయ్యగారు చెప్పిండ్రా?”

“లేదు.”

అసలు సంగతి ఏమిటంటే, హిమశ్రీకి ఆదివారమంటే ప్రాణం. నోటుపుస్తకంలో ఒక పేజీలో ప్రసంగం, ఎదురు పేజీలో ఆ వారం పాఠం రాసుకునేది. ఆ రెండూ ఎక్కడో ఒకచోట కలిసేవి. అవి కలిసిన చోటల్లా ఆమెకు పట్టలేనంత సంతోషం. ఆ సంతోషం నోట్లో దాగదు కదా, హిందీలో బయటికి వచ్చేసేది.

“దేవుని వాక్యంల సొంత కవిత్వం కలుపుతవా? అయ్యగారికి ఇప్పుడే చెప్త. ఆయన ఊ అంటె ఫోను మా కోడలు పద్మారాణికి ఇస్త. అది ఉన్నదున్నట్టు చెప్తది.”

అంటూనే తన ఫోను తీసి స్పీకరు పెట్టాడు. గొర్రె నుంచి తోమా దాకా ఏదీ వదలకుండా ఫిర్యాదు చేశాడు. హిమశ్రీ తానే ముందుకొచ్చి, “నిజమే అయ్యగారూ, కలిపిన. తప్పయింది, మాఫ్ చెయ్యుండ్రి. ఇగ మీరెంత చెప్తె అంతే చెప్త. ఫోను మాత్రం గుంజుకోవద్దని చెప్పుండ్రి,” అంది.

“రాజనర్సూ, ఫోను ఆ పిల్ల కాన్నే ఉండనియ్యి,” అన్నారు పాస్టరుగారు. “ఆమె కలుపుతున్న సంగతి నాకు మొదటి సంది ఎరుకే.”

“ఎరుకనా? మీకు హిందీ రాదు గద!”

“భివండీల పద్నాలుగేండ్లు బట్టలు నేసే సాంచాలు నడిపిన, హిందీ రాకుంటె ఎట్ల? గని నాకొచ్చింది సాంచాల కాడి హిందీ. నాలుగు మాటలు మాట్లాడితె రెండు బూతులే ఉంటయి. ఆ హిందీల వాక్యం చెప్పుమంటవా?”

మంగ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రాజనర్సుకు మాత్రం నవ్వు రాలేదు.

“అన్నీ తెలిసి ఇన్ని నెలలు ఎందుకు ఆపలే అయ్యగారూ?”

ఫోనులో చిన్న దగ్గు వినిపించింది.

“ఎట్ల ఆపుత రాజనర్సూ? పొద్దుగాల ఆ పిల్ల హిందీల చెప్పిందే, మాపటికి మా ఊరోళ్లకు నేను తెలుగుల చెప్తున్న.”